రెండో మంచు

ఈ సంగతి రాసి పెట్టక తప్పదు. ఎందుకంటే ఇన్నేళ్ళుగా దీన్ని నేను నోటితో తప్పుగా చెప్పుకుంటూ వచ్చాను. క్రైస్ట్‌చర్చ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళకు ఎప్పుడు భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు "అంకుల్, ఆ టైర్ల కథ చెప్పండి" అనేవారు. నేను చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టేవాణ్ణి. ఆ కథలో దోషి టైర్ల కంపెనీ. అన్యాయమైపోయింది నేను. మా ఆవిడ పద్మ పక్క సీట్లో ఫైలు పట్టుకుని కూర్చున్న మనిషి, అంతే. నేను చెప్పినంతసేపూ ఆమె అక్కడే ఉండేది, ఒక్కసారి కూడా అడ్డు వచ్చేది కాదు. ఆ మౌనం వెనక ఏముందో నాకు పోయిన నెలలో తెలిసింది. నోటితో చేసిన తప్పు నోటితోనే దిద్దుకోవచ్చు కదా అంటే, విన్నవాళ్ళలో సగం మంది ఆక్లండ్‌కీ ఆస్ట్రేలియాకీ వెళ్ళి సెటిల్ అయిపోయారు. వాళ్ళందరి ఇళ్ళల్లో మళ్ళీ పెరుగన్నం తినే ఓపిక నాకు లేదు. అచ్చులో అయితే అందరికీ ఒకేసారి చేరుతుంది.

మా అమ్మాయి మీరా పోయిన నెల వెల్లింగ్టన్ నుంచి సెలవుకు వచ్చింది. ఇక్కడే పుట్టింది. మాట్లాడేది ఎక్కువగా ఇంగ్లీషు, అర్థమయ్యేది తెలుగు కూడా. చిన్నప్పుడు నేను పట్టుబట్టి దిద్దించిన అక్షరాల పుణ్యాన తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. స్నేహితులతో కొండల్లోని వనాకా వెళ్ళడానికి మా కారు కావాలంది, జారకుండా చక్రాలకి చుట్టే మంచు చెయిన్లు కావాలంది. చెయిన్లు గ్యారేజీలో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు పాత టైర్ల నడుమ, ఆ గుంటలో ఉన్నాయి. ఆ టైర్లను నేను సాక్ష్యంగా దాచుకున్నాను. ఎప్పటికైనా ఆ కంపెనీవాడు దొరికితే చూపిద్దామని. మీరా భుజం దాకా చెయ్యి పెట్టి చెయిన్లు లాగితే వాటితోపాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక బౌండు పుస్తకం బయటికొచ్చింది. "డాడ్, ఇదేంటి?" అంది. అట్ట మీద నా గుండ్రటి చేతిరాతలో 'చలికాలపు టైర్లు: ఒక సమగ్ర పరిశీలన' అని ఉంది. నేను అప్పుడే ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను. అది పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిప్పి, ఒక ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేముందు ఆ పుస్తకం ఎలా పుట్టిందో చెప్పాలి.

వచ్చిన కొత్తల్లో మేము రిక్కార్టన్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పద్మ చదువుకోవడానికి వచ్చింది, నేను పద్మ వెంట వచ్చాను. ఆమె గుంటూరులో ఫార్మసిస్టుగా చేసింది. నేను బాపట్లలో డిగ్రీ రెండో ఏడు దగ్గర ఆపేసి, మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయంలో ఒక్కో బీరువా చొప్పున పూర్తి చేశాను. మూలశంక వైద్యం నుంచి ముత్యాల సాగు దాకా నేను చదవనిది లేదు. చదివింది ఎదుటివాళ్ళకు చెప్పకుండా వదిలిందీ లేదు. ఇక్కడ ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దే పని దొరికింది. పెట్టెల మీద రాసినవన్నీ చదివేవాణ్ణి కాబట్టి పని నిదానంగా సాగేది.

ఆ ఫ్లాట్ గురించి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది వాసన. తడిసిన కార్పెట్ వాసన, దాని మీద ఇంగువ పోపు వాసన, ఆ రెండింటినీ తిప్పి తిప్పి వేడిచేసే ఒకే ఒక్క హీటరు. పొద్దున్నే కిటికీ అద్దాలు లోపలివైపు చెమటలు కక్కేవి. నా పాత లుంగీతో వాటిని తుడిచి పిండడం నా వంతు, ఉప్మా కలపడం పద్మ వంతు. ఆ తర్వాత బయటికి వెళ్ళి కారు అద్దం మీద పేరుకున్న తెల్లటి పొర గీకాలి. గీకడానికి ఒక పరికరం అమ్ముతారని నాకు తెలియదు. అది ఏ పుస్తకంలోనూ రాయలేదు. నేను లైబ్రరీ కార్డుతో గీకేవాణ్ణి. ఒక రోజు అది నిలువునా విరిగింది. లైబ్రరీలో మార్గరెట్ అనే పెద్దావిడ విరిగిన ముక్కలు చూసి, ఏమైందని అడిగి, నేను చెప్పింది విని, ఒక్క నిమిషం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కొత్త కార్డుతోపాటు గీకే పరికరం కూడా తన కారులోంచి తెచ్చి ఇచ్చింది. "ఇది పుస్తకాలకి, ఇది అద్దానికి" అని రెండూ విడివిడిగా చూపించి మరీ ఇచ్చింది.

ఆ రోజుల్లో పద్మ పరీక్షలన్నీ అయిపోయాయి. ఇక ఏడాదిపాటు ఏదో ఒక మందుల షాపులో శిక్షణ పొందాలి. శిక్షణకి తీసుకునే షాపు దొరక్కపోతే ఆమె చదివిందంతా ఇక్కడ చెల్లదు. కూరగాయల షెడ్డులో క్యాప్సికాలు ప్యాక్ చేస్తూ ఉండిపోవాలి. అప్పటికే రెండు షాపులవాళ్ళు చూసి కాదన్నారు. రెండోది కాదన్న రోజున ఆమె ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ దించి కడిగింది. మూడో పిలుపు కొండల అవతలి ఒక చిన్న ఊరి నుంచి వచ్చింది. ఊరి పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకటే మందుల షాపు. గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ. నడి చలికాలం. దారిలో బర్క్స్ పాస్ కనుమ దాటాలి. పద్మ బస్సులో వెళ్తానంది. "నేనుండగా బస్సేమిటి?" అన్నాను. ఆ మాటకే ఆమె నావైపు కొంచెం భయంగా చూసింది. నాకది ప్రేమలా కనిపించింది.

నాకు పన్నెండు రోజులు సమయం ఉంది. మర్నాడే లైబ్రరీలో కూర్చున్నాను. కార్ల పత్రికల పాత సంచికలన్నీ మార్గరెట్ తెచ్చి కుప్పపోసింది. మూడో రోజున "టైర్ల షాపు పెడుతున్నావా?" అని అడిగింది. "లేదు, మా ఆవిడని ఇంటర్వ్యూకి తీసుకెళ్తున్నాను" అన్నాను. "గ్యారేజీలో ఎవరినైనా అడగొచ్చు, తెలుసా?" అంది. అడగడం అనేది చదవడం రానివాళ్ళ పని అని నా నమ్మకం.

నిజం చెప్పాలంటే నేను చాలా నేర్చుకున్నాను. మామూలు టైరు రబ్బరు చలికి బిగుసుకుని చెక్కలా అవుతుందనీ, చలికాలపు టైరు రబ్బరు మెత్తగా ఉండిపోతుందనీ, టైరు మీద లోతుగా కోసిన గాళ్ళు ఒక పనికీ వెంట్రుకంత సన్నని చీలికలు మరో పనికీ ఉపయోగపడతాయనీ, టైరు పక్కన కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తుంటేనే అది అసలైన చలికాలపు టైరనీ తెలుసుకున్నాను. మూడు రకాల టైర్లు ఎంచుకుని, పోల్చి, పట్టిక గీశాను. పట్టిక తెలుగులోనే ఉండాలని పట్టుదల. మన భాషలో ఇలాంటి శాస్త్రీయ సాహిత్యం లేదు కదా, మొదలుపెట్టిన కీర్తి నాకే దక్కనీ అని. పొడి రోడ్డు, తడి రోడ్డు, మంచు, చప్పుడు. ఒక్కో గడిలో మార్కులు. రెండు రోజుల తర్వాత ఇంకో పత్రిక నుంచి మరికొన్ని మార్కులు దొరికితే పక్క పేజీలో ఇంకో వరుస ఎక్కించాను.

ఇంటికొచ్చి తిరగేస్తే నా పట్టికలో ఒక పొరపాటు కనిపించింది. మంచు అన్న గడి రెండుసార్లు వచ్చింది. పైగా రెండింట్లోనూ మార్కులు వేరు. మొదటి మంచులో లోతు గాళ్ళ టైరు అందరికన్నా ముందుంది, రెండో మంచులో అదే టైరు అడుగున ఉంది. ఒకే విషయానికి రెండు రకాల మార్కులు ఉండటం శాస్త్రానికి విరుద్ధం. ఎక్కించేటప్పుడు చెయ్యి జారి ఉంటుందని నిర్ధారించుకుని, రెండో వరుసను స్కేలు పెట్టి నీటుగా కొట్టేశాను.

ఖాదర్ భాయ్‌ది పాత టైర్ల షెడ్డు, మా ఫ్లాట్‌కి నాలుగు వీధుల అవతల. కరీంనగర్ మనిషి. నేను పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి లోతు గాళ్ళ టైరు పేరు చెప్పాను. ఆయన నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏం సార్, పుస్తకం జూసి టైర్లు కొంటున్నరా?"

"పరిశీలించి కొంటున్నాను భాయ్."

"మంచిదే. మరి మీకు మంచుకు గావాల్నా, ఐసుకు గావాల్నా?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "భాయ్, ఐసుని తెలుగులో మంచు అనే అంటారు. రెండూ ఒకటే" అన్నాను.

"మా దిక్కు ఐసు అంటె సోడల ఏసేది. ఈడ రోడ్డు మీద ఉంటది. కనవడది." ఆయన ఒక మూల నుంచి జపాన్ నుంచి దిగిన పాత కార్లకి వచ్చిన టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు. అరిగిన రబ్బరు చెప్పులా చదునుగా ఉంది. దాని మీద బొటనవేలి గోరు నొక్కి చూపించాడు. "గోరు దిగాలె సార్. గిది ఐసు మీద పట్టుకుంటది. మీ టైరుకు గోరు దిగది."

"మీ అనుభవం మీది, లెక్క లెక్కే" అన్నాను.

"సరే సార్, మీరు చదువుకున్నోల్లు" అని నేనడిగినవే బిగించాడు. చివరి నట్టు బిగిస్తూ, "ఒక మాట. ఏ టైరైనా గానీ, మెల్లగ పోవాలె" అన్నాడు. ఇది నా పుస్తకంలో రాసుకోలేదు.

ఆ బొటనవేలు చూసినప్పుడు మా నాన్న గుర్తొచ్చి ఉండాల్సింది. నాన్న రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు సైకిలు చక్రాలు రెండూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. ముందుది, వెనకది, మళ్ళీ ముందుది. ఆ తర్వాతే ప్యాంటుకి క్లిప్పు పెట్టుకునేవాడు. ఒక్క పుస్తకం చదివి ఎరగడు. ధనుర్మాసంలో పొద్దున్నే దారి కనపడనప్పుడు సైకిలు దిగి నడిపించుకుపోయేవాడు. "మంచు పడుతోంది, తొందరేముంది" అనేవాడు. అదీ మంచే. గడ్డి మీద మెరిసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. మా ఊళ్ళో ఇన్నింటికీ ఒక్క మాట సరిపోయింది, ఎందుకంటే వాటిలో ఏదీ మమ్మల్ని పడేసేంత పని పెట్టుకోలేదు.

గురువారం ఆరింటికి బయల్దేరాం. పద్మ నల్ల కోటు వేసుకుని సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. ఫెయిర్లీ వచ్చేసరికి తెల్లగా తెల్లారింది. దారి పక్కన కొద్దిగా మంచు కురిసి ఉంది. నేను కావాలనే ఒక చక్రం దాని మీదికి పోనిచ్చి, "చూశావా పట్టు?" అన్నాను. నిజంగానే గోడకి బల్లిలా పట్టుకుంది. నాకు ధైర్యం పెరిగింది. వేగమూ పెరిగింది.

"ఏమండీ, కాస్త మెల్లగా" అంది పద్మ.

"ఇందులో ఈ టైరుకి ఫస్టు మార్కు పద్మా!"

"మార్కులు టైరుకి వచ్చాయి, మీకు రాలేదుగా."

కనుమకి ముందు ఒక మలుపు ఉంది. పైన్ చెట్ల నీడలో రోడ్డు నల్లగా, పొడిగా, అందంగా కనిపించింది. మంచు జాడ కూడా లేదు. ఆ మలుపులో నేను స్టీరింగ్ తిప్పాను, కారు తిరగలేదు. తర్వాత నేను తిప్పకుండానే తిరిగింది. ఏ చప్పుడూ లేకుండా, ఎంతో మర్యాదగా, ఒకటిన్నర చుట్లు తిరిగి, గడ్డి గట్టు మీదికి వెళ్ళి, గొర్రెల కంచెకి ఆనుకుని ఆగింది. కంచె అవతల గొర్రెలు మేత ఆపి మమ్మల్ని చూశాయి. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు.

పద్మ అడిగింది. "ఇప్పుడు మనం ఎటు వెళ్తున్నట్టు?"

"క్రైస్ట్‌చర్చ్ వైపు" అన్నాను. మూతి అటే ఉంది.

ఆమె ఏడవలేదు. ఫైలు మాత్రం రెండు చేతులతో గుండెకి అదుముకుంది. టైము తొమ్మిదవుతోంది. ఆ షాపు ఇంకా గంట దూరం ఉంది. కారు దిగబోయి రోడ్డు మీద కాలు పెట్టానో లేదో వెల్లకిలా పడ్డాను. అక్కడ పడుకుని దగ్గరగా చూస్తే అప్పుడు కనిపించింది, రోడ్డుకి ఎవరో సన్నని పలక అతికించినట్టు.

పావుగంటకి ఒక రైతు వెనక తొట్టి ఉన్న తన యూట్ బండిలో నడక కన్నా నెమ్మదిగా వచ్చాడు. పేరు కెవిన్. "బాగానే ఉన్నారా, మేట్?" అన్నాడు. ఎంత వేగంలో వచ్చావని అడిగాడు. ఎనభై ఐదు అన్నాను. టైర్లు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ టైర్లు చూశాడు. "టైర్లు బాగానే ఉన్నాయి" అన్నాడు. "బ్లాక్ ఐస్. అచ్చం గాజు." ఇన్నాళ్ళూ నా కథలో ఈ మాటని నేను ఒక నిపుణుడి సాక్ష్యంగా వాడుకున్నాను. పైకి బాగానే ఉన్న టైర్లలో లోపల దాగిన లోపం ఉందనడానికి. ఆ మనిషి ఎంత మర్యాదగా నన్ను తిట్టాడో అర్థం చేసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అతనికి ఇంటర్వ్యూ సంగతి పద్మే చెప్పింది. కెవిన్ ముందు సీట్లో ఉన్న కుక్కని పక్కకి జరిపాడు. "ఎక్కు. నేను అటే వెళ్తున్నా." తర్వాత తెలిసింది, అతను అటు వెళ్ళట్లేదు. నేను కారు దగ్గర ఉండిపోయాను. పద్మ నల్ల కోటుతో, ఫైలుతో, గొర్రెల కుక్క పక్కన కూర్చుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

నేనా? కారులో కూర్చుని పుస్తకం తెరిచాను. మంచు గడిలో నా టైరే మొదట ఉంది. రెండుసార్లు సరిచూసుకున్నాను. నా లెక్క తప్పు కాదు కాబట్టి కంపెనీ అబద్ధమాడిందని ఆ కంచె పక్కనే తీర్మానించాను. తర్వాత వాళ్ళకి నాలుగు పేజీల ఉత్తరం రాస్తే, 'ఏ రకమైన ఉపరితలం మీద జరిగిందో దయచేసి తెలియజేయండి' అని బదులిచ్చారు. తప్పించుకునే ఎత్తుగడ అనుకుని చింపేశాను.

పద్మ అక్కడికి పదకొండుకి ఐదు నిమిషాల ముందు చేరింది. షాపు యజమాని ఒక పెద్దావిడ, పేరు జూడీ. పద్మ కోటు నిండా తెల్లటి వెంట్రుకలు, డిగ్రీ సర్టిఫికెట్ మీద బురద పాదం ముద్ర. జూడీ ఆ ముద్ర చూసి, "ఇది కెవిన్ కుక్కది" అందట. ఎలా వచ్చావని అడిగితే పద్మ ఉన్నదున్నట్టు చెప్పిందట. జూడీ చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వకుండా, "ఈ చలికాలంలో నాకు కావలసింది పొద్దున్నే షాపు తెరవడానికి వచ్చే మనిషి. నువ్వు వస్తావని తేలిపోయింది. మిగతాది నేర్పిస్తాను" అందట. సాయంత్రం కెవినే ఆమెని మళ్ళీ తీసుకొచ్చాడు. అప్పటికి ఎండకి రోడ్డు కరిగి, ఒక తప్పూ ఎరగనట్టు పడుకుని ఉంది.

ఆ ఏడాదంతా పద్మ వారంలో అయిదు రోజులు అక్కడే ఉండి, శనాదివారాలకి తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చేది. నన్ను స్టీరింగ్ ముట్టనివ్వలేదు. రెండో వారానికే కారుకి టైర్లు మారిపోయి ఉన్నాయి, ఆ అరిగిన చెప్పుల్లాంటివి. ఇదేమిటంటే, "పాతవి చప్పుడు చేస్తున్నాయండీ" అంది. చప్పుడు గడిలో వాటికి మార్కులు తక్కువే కాబట్టి నేను సంతృప్తి పడ్డాను. నా పుస్తకం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. కథ చెప్పడం మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు గ్యారేజీకి వస్తాను. మీరా పట్టిక మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "డాడ్, ఈ వర్డ్ ఏంటి?"

"మంచు. అంటే ఐస్."

పక్క పేజీలో కొట్టేసిన వరుస మీద వేలు పెట్టింది. "ఇదీ మంచే కదా? ఇది కూడా ఐసా? మరి స్నో ఏది?"

కొండల మీద కారు తిరిగినట్టే, ఏ చప్పుడూ లేకుండా, నా తలలో ఇన్నేళ్ళ కథ ఒకటిన్నర చుట్లు తిరిగి వెనక్కి మూతి పెట్టి ఆగింది.

మీరా అక్కడితో ఆగలేదు. "ఇక్కడ అమ్మ హ్యాండ్‌రైటింగ్ ఉంది. గా... జు. గాజు అంటే బ్యాంగిల్ కదా?"

కొట్టేసిన 'మంచు' పైన, నీలం సిరాతో, మందుల చీటీ మీద రాసినంత స్పష్టంగా, పద్మ అక్షరాలు. గాజు. నేను గీసిన గీత కింద అడుగున ఉన్న నా టైరు మార్కు చుట్టూ ఒక సున్నా. అందులో మొదటి స్థానంలో ఉన్న ఖాదర్ భాయ్ చూపించిన రకం టైరు పక్కన ఒక చిన్న టిక్కు.

వంటింట్లోకి వెళ్ళి పుస్తకం ఆమె ముందు పెట్టాను. పద్మ దోసె తిరగేసి చూసింది. "ఓ, ఇదా" అంది.

"ఎప్పుడు రాశావు?"

"ఆ గురువారం తర్వాతి ఆదివారమే. రెండు మంచులకి మార్కులు వేరేగా ఉంటే, రెండూ వేరే మంచులనేగా అర్థం."

"మరి నాకు చెప్పలేదేం? ఇన్నేళ్ళు ఊరందరికీ చెప్పుకుని తిరిగానే!"

"పన్నెండు రోజులు నాకోసం చదివారు. తప్పని ఎలా చెప్పను?" దోసె పళ్ళెంలోకి తీసింది. "అయినా, కంపెనీవాడికి పోయేదేముంది?"

మీరా వనాకా వెళ్ళింది. దాని ఫోను ఏ మలుపులో ఐసుందో ముందే చెబుతుంది. మూడు డిగ్రీలకి దిగగానే కారే కుయ్‌మని మంచుపువ్వు బొమ్మ చూపిస్తుంది. అప్పుడు మా దగ్గర ఇవేవీ లేవు, ఒక బొటనవేలూ ఒక బౌండు పుస్తకమూ ఉన్నాయి, నేను పుస్తకాన్ని నమ్మాను. చదవడం తప్పని ఇప్పటికీ అనను. సమాధానం ఆ పుస్తకంలోనే ఉంది, నా చేతిరాతలోనే ఉంది. స్కేలు పెట్టి కొట్టేసింది నేను. ఇప్పుడు ఎవరికైనా ఏదైనా చెప్పబోయే ముందు, ఏ మాట ఎన్ని అర్థాలకి కాపలా కాస్తోందో ఒకసారి చూసుకుంటున్నాను. అందువల్ల మా ఇంట్లో నా మాటలు తగ్గాయి. ఆ మేరకు అందరూ సంతోషంగానే ఉన్నారు. మీరా బయల్దేరేటప్పుడు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. చక్రాలు నాలుగూ బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. మొదటిది మళ్ళీ ఒకసారి నొక్కాను.

ఇది రాయడానికి కారణమైనవాళ్ళకి నా కృతజ్ఞతలు. కార్డూ గీకే పరికరమూ ఇచ్చి, ఏది అద్దానికో విడమరిచి చెప్పిన మార్గరెట్‌కి. సరైన ప్రశ్న అడిగి, నా నవ్వు భరించి, నేనడిగిన తప్పుడు టైర్లే గట్టిగా బిగించిన ఖాదర్ భాయ్‌కి. తను వెళ్ళని దారిలో మా పద్మని తీసుకెళ్ళిన కెవిన్‌కి, సీటు పంచుకున్న అతని కుక్కకి. పాదం ముద్ర ఉన్న సర్టిఫికెట్‌ని పక్కన పెట్టెయ్యని జూడీకి. తెలుగు నెమ్మదిగా చదివే మీరాకి. నెమ్మదిగా చదివితేనే కనిపించేవి కొన్ని ఉంటాయి. పేరు చెప్పని ఆ టైర్ల కంపెనీకి కృతజ్ఞతలు కాదు, క్షమాపణలు. మీ టైర్లు బాగానే ఉన్నాయి. చివరగా పద్మకి. నేను కొట్టేసిన చోట ఒక్క మాట రాసి, దాన్ని టైర్ల మధ్య దాచి, నా పెరుగన్నం నాకు వదిలేసినందుకు.